దాపటి పక్క

మా వియ్యంకుడు పోయారు. ఈ మాట రాసి చాలాసేపు దానికేసే చూస్తూ కూర్చున్నాను. కాగితం మీద పెడితేనన్నా నమ్మకం కుదురుతుందేమో అనుకున్నాను. కుదరలేదు. ఆ రోజు పొద్దున కాఫీ వేళకి ఆయన నాతో ఫోన్లో మాట్లాడారు. మాట్లాడటం అంటే అరవడమే లెండి, ఫోన్లో గొంతు తగ్గించడం ఆయనకు చేతకాదు. అదే రోజు భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, మామయ్యగారు పోయారు" అంది. నేను "ఏ మామయ్యగారు?" అని అడిగాను. దానికున్నది ఒక్కరే మామగారు. అయినా అడిగాను. అవతల అది ఏడవడం మొదలుపెట్టాక గాని నాకు అర్థం కాలేదు.

కల్లంలో మిరపకాయలు సంచులకెత్తిస్తూ, దాహంగా ఉంది మంచినీళ్ళు తెమ్మన్నారట. నీళ్ళు తెచ్చేలోగా, కట్టిన బస్తా మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట. అంతే. షుగర్ లేదు, బీపీ లేదు, ఒక్కపూట మంచమెక్కిన మనిషి కాదు. నా మందుల డబ్బా చూసి వేళాకోళం చేసేవారు. మా ఇద్దరిలో ముందు వెళ్ళేది ఎవరని ఏ డాక్టర్ని అడిగినా నన్నే చూపించేవాడు. ఫోన్ వచ్చేటప్పటికి నా చేతిలో వేడి సోల్డరింగ్ ఐరన్ ఉంది. ఎదురుగా భోజనాల బల్ల మీద, పైమూత విప్పేసిన పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. ఐరన్ ఎక్కడ పెట్టానో తెలియదు, బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ కాలి కంపు కొట్టాక మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది.

ఆయన గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. చిలకలూరిపేట దాటి పర్చూరు వైపు వెళ్తుంటే వచ్చే నల్లరేగడి పల్లె ఆయనది. మిరప, పత్తి. నాది గుంటూరు బ్రాడీపేటలో, కోచింగ్ సెంటర్ల మధ్య, పోటీ పరీక్షల పుస్తకాలమ్మే చిన్న షాపు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇచ్చాం. అంతకుముందు మాకూ వాళ్ళకూ ఏ బంధుత్వమూ లేదు.

ఆయన్ని నేను అసలు తెలుసుకున్నది పెళ్ళిలోనే. మంత్రాలు జరుగుతుండగా మైకు కీచుమని కూయడం మొదలుపెట్టింది. పురోహితుడు ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ కూసింది. పెళ్ళికొడుకు తండ్రి విసురుగా లేచి, కండువా దులిపి, మండపం దిగి వెళ్ళిపోయారు. మా వైపువాళ్ళు హడలిపోయారు. మగపెళ్ళివారు అలిగారని మా బావమరిది చేతులు జోడించుకుని ఆయన వెనకాలే పరిగెత్తాడు. తీరా చూస్తే ఆయన మైకుసెట్టు బల్ల వెనకాల, పట్టుపంచె మోకాళ్ళ మీదికి ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, వైర్లు సర్దుతున్నారు. స్పీకర్ పెట్టె మైకుకి ఎదురుగా పెడితే కూయక ఏం చేస్తుందని మైకుసెట్టు అతన్ని కోప్పడుతున్నారట. మా బావమరిది ఆ కథ చెప్పి ఇప్పటికీ నవ్విస్తాడు. మొన్న శవం పక్కన నిలబడి కూడా అదే చెప్పబోయి, మధ్యలో ఆపేశాడు.

వయసులో ఉండగా ఆయన గుంటూరొచ్చి రేడియో మెకానిక్ కోర్సు చదివారు. అది పూర్తవుతుండగా వాళ్ళ నాన్నగారు పోవడంతో ఊరెళ్ళి అరక పట్టారు. ఆ తర్వాత సేద్యమే బతుకైంది గాని, సరదా మాత్రం సెట్ల మీదే ఉండిపోయింది. పంట పనులు లేని రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో మూలపడ్డ రేడియోలు, టేపురికార్డర్లు, యాంప్లిఫయర్లు తెప్పించుకుని బాగుచేసేవారు. బాగుచేశాక, "చూశారా, మనం పట్టుకుంటే పలకందంటూ లేదు" అని చెప్పుకోవడం కూడా ఆయనకు చాలా ఇష్టం. వినయం ఆయన సరుకు కాదు.

ఈ యాంప్లిఫయర్ మా ఇంటికి రావడం కూడా చిత్రంగానే వచ్చింది. మా వీధిలో ఒక పాత బంగళా పడగొడుతుంటే, కిటికీ చువ్వల మధ్య, ఇనప సామాను బండి మీద కనబడింది. చెక్క పెట్టె, ముందు వెండి రంగు పలక, చేతినిండా పట్టే పెద్ద నాబ్. పక్కనే దాని జత స్పీకర్ పెట్టెలు. జపాన్ సరుకు. ఎత్తబోతే నడుం పట్టేసింది. ఇంటికి తెచ్చి పెడితే మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే మా వియ్యంకుడు మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకి వచ్చారు. సరుకు అమ్ముడయ్యేదాకా మా ఇంట్లో దిగడం అలవాటు. స్నానం చేసి హాల్లోకి రాగానే ఆయన చూపు దాని మీద పడింది. వియ్యంకుడి ఎదటికి వచ్చేటప్పుడు ఎప్పుడూ చేసినట్టే కొంగు భుజం చుట్టూ కప్పుకుని మా ఆవిడ తెచ్చిన కాఫీ చల్లారిపోయింది. దాని చుట్టూ తిరిగి, వెనక చేరి, వంగి చూసి, "ఎవరి కంటా పడలేదండీ ఇన్నాళ్ళూ ఇది?" అన్నారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, వియ్యంకుడి చేత ఇంట్లో రిపేర్లు చేయించుకున్నారని బంధువుల్లో తెలిస్తే పరువు పోతుందని ఖరాఖండీగా చెప్పేసింది. ఆయన నేల మీద కూర్చోకూడదు, చేతులకు మసి కాకూడదు. పోనీ మెకానిక్‌ని పిలుద్దామంటే ఆయన ఊరుకునేలా లేరు. చివరికి రాజీ కుదిరింది. సెట్టు వెనకాల ఆయనకు కుర్చీ వేశాం. ఆయన చెబుతారు, పక్కన చాప మీద కూర్చుని నేను చేస్తాను. పైగా ఆయనే దానికో కారణం కూడా కనిపెట్టారు. ఎంత కడిగినా తన వేళ్ళకు మిరప ఘాటు పోదనీ, ముట్టుకుంటే సెట్టు తుమ్ముతుందనీ అన్నారు. అలా అరవై దాటిన వయసులో నేను సోల్డరింగ్ నేర్చుకున్నాను.

ఓపిగ్గా నేర్పారని అబద్ధం చెప్పను. అతుకు చుట్టూ సోల్డరు పూసేస్తే నాలుక చప్పరించేవారు. కానీ కోపం వచ్చినకొద్దీ "గారు" ఎక్కువయ్యేది. "బావగారూ, తమరు సోల్డరు వేస్తున్నారా, విభూతి పెడుతున్నారా?" అనేవారు. ప్లగ్గు పీకిన వెంటనే లోపల చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. "తీగె పీకినా కడుపులో తాగింది ఉంటుందండీ, కాసేపు ఊరుకోండి" అని, లోపల నిలిచిన కరెంటు దిగేదాకా పొలం కబుర్లు చెప్పేవారు. బాగుచేసిన సెట్టుని నేరుగా కరెంటుకి తగిలించకుండా, మధ్యలో ఒక మామూలు బల్బు పెట్టించేవారు. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్టయిందని గుర్తు. వెలిగి మసకబారితే క్షేమం. ఆ బల్బు మసకబారడం కోసం ఇద్దరు పెద్దమనుషులు ఊపిరి బిగబట్టి చూడటం మా ఆవిడకు నవ్వులాటగా ఉండేది.

ఆయనకు ఎడమ, కుడి అనే మాటలు లేవు. దాపట, వలపట. అరకకు ఎడమవైపు కట్టే ఎద్దు దాపటిది, కుడివైపుది వలపటిది. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయి ఎన్నాళ్ళయినా ఆ జత మాత్రం ఆయన నోట్లో అలాగే ఉంది. కారు తోలే మా అల్లుడికి కూడా "దాపటికి తిప్పరా" అని చెప్పేవారు. స్టీరియో సెట్టంటే లోపల రెండు పక్కలా ఒకే రకం సరంజామా ఉంటుంది కదా, ఒక్కో స్పీకర్ పెట్టెకు ఒక్కో బోర్డు. ఆయన లెక్కలో అదొక ఎద్దుల జత. దాపటి బోర్డు, వలపటి బోర్డు. వినడానికి నాకూ ముచ్చటగానే ఉండేది.

నాబ్ తిప్పితే వచ్చే గరగర పోయింది. లైట్లు వెలిగాయి. ఏడాదిపాటు సెట్టు బ్రహ్మాండంగా పలికింది. మొన్న ఎండలు ముదిరాక కొత్త రోగం పట్టుకుంది. పెట్టిన అరగంటకి లోపల టక్కుమని చప్పుడు, రెండు పెట్టెలూ ఒకేసారి మూగబోవడం. చల్లారాక పెడితే మళ్ళీ మామూలే. మళ్ళీ అరగంటకి టక్కు.

మిరప కోతలు, కూలీలు దొరకని కాలం. ఆయన రాలేకపోయారు. అంతా ఫోన్లోనే నడిచింది. లోపల రిలే అని ఒకటి ఉంటుందని చెప్పారు. "అది కాపలావాడండీ. ఏ పక్క తేడా వచ్చినా రెండు తలుపులూ వేసేసుద్ది. ఏ పక్కో మాత్రం చెప్పదు. అది మనమే కనుక్కోవాలి." టక్కుమనే ముందు ఏ పెట్టెలోనన్నా గుర్రుమంటుందేమో వినమన్నారు. విన్నాను. కిటికీ వైపు పెట్టెలో సన్నగా గుర్రుమంది. ఆ మాట చెప్పగానే ఆయన తడుముకోకుండా తేల్చేశారు.

"అయితే దాపటిదేనండీ. ఆ బోర్డులో వేడెక్కే ట్రాన్సిస్టర్ ఉంటది చూడండి, దాని కాలు దగ్గర సోల్డరు వదిలేసుద్ది. వేడికి కాలు లేస్తంది. మళ్ళీ అంటించండి. వలపటిదాని జోలికి మాత్రం పోబాకండి. బాగున్నదాన్ని కెలికితే రెండూ పోతయ్యి."

భోజనాల బల్ల మీద సెట్టుని నా ఎదురుగా పెట్టుకుని మూత విప్పాను. కిటికీ నాకు కుడిచేతి వైపు. ఆయనేమో దాపట అన్నారు, అంటే ఎడమ. ఆయన పొరబడ్డారేమోనని ఒక్క క్షణం అనిపించింది. లోపల తీగెలు అడ్డంగా పోతాయేమోలే అని సర్దిచెప్పుకున్నాను. వియ్యంకుడి మాటకు "అది కాదండీ" అనడం మా ఇళ్ళల్లో లేదు, అందులోనూ నేను ఆడపిల్ల తండ్రిని. ఎడమ వైపు బోర్డులో ఆయన చెప్పిన కాలు దగ్గర సోల్డరు కరిగించి కొత్తగా అంటించాను. సెట్టు పెట్టాను. అరగంటకి టక్కుమంది.

ఆ సంగతి ఫోన్లో చెప్పాను. "ఇంకొకసారి అంటించండి బావగారూ" అన్నారు. అంటించాను. టక్కు. "ఇంకాస్త వేడి చూపించండి" అన్నారు. చూపించాను. టక్కు. ఆయన తప్పు చెబుతున్నారని నేను అనుకుంటున్నాను. నేను సరిగ్గా చెయ్యడం లేదని ఆయన అనుకుంటున్నారు. ఇద్దరం పైకి అనం. ఆయన బావగారూ అంటారు, నేను బావగారూ అంటాను. ఎన్ని ఫోన్లు అలా గడిచాయో. మేం అన్నదమ్ములమైనా, చిన్ననాటి స్నేహితులమైనా, ఒరేయ్ నీకు బుద్ధుందా అని ఒకళ్ళం అరిచి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది.

ఆ రోజు పొద్దున చేసిన ఫోన్లో మాత్రం ఆయన అలవాటు లేని మాట అన్నారు. గొంతు మామూలుగానే పెద్దది, మాటే కొత్తది.

"నేను చెప్పిందే తప్పేమోనండీ బావగారూ. ఇంతకాలానికి ఒక సెట్టు నాకు అంతుపట్టకుండా పోయింది."

పోనీలెండి, పాతది, అన్నాను. పాతదైతే ఏంటండీ, మొన్నటిదాకా పలికిందిగా, అని కసిరినట్టే అన్నారు. సాయంత్రం తీరుబడిగా మళ్ళీ చేస్తానని పెట్టేశారు. సాయంత్రం నేను వాళ్ళ వాకిట్లో, ఆయన పక్కన, నిలువు కాళ్ళ మీద నిలబడి ఉన్నాను. ఆ పూట నా జేబులో ఫోన్ ఎప్పుడు మోగినా ఆయనేనేమో అనిపించింది. మనిషిని కళ్ళెదుట పెట్టుకుని కూడా అనిపించింది. ఇంతకంటే చెప్పుకోలేను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, షామియానా కింద జనం పలచబడ్డాక, ఆయన భార్య నా పక్కన కుర్చీలో వచ్చి కూర్చుంది. నేను చెల్లెమ్మా అంటాను, ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మీ సెట్టు బాగయిందా అని అడిగింది. ఆ రోజున ఆవిడ ఆ మాట అడగడం నాకు మింగుడు పడలేదు. ఇంకా లేదమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది. ఆఖరి వారమంతా ఆయనకు అదే ధ్యాసట. అన్నం ముందు కూర్చుని కూడా ఆలోచించేవారట. బావగారి సెట్టు నావల్ల కాలేదు, చెయ్యి పోయింది నాకు, వయసు మీద పడింది అని కల్లానికి వెళ్ళేముందు కూడా అన్నారట.

"దాపటిదేనని నాకు గట్టిగా తోస్తంది, మరెందుకు పలకదో అని ఒకటే బాధపడ్డారండీ అన్నయ్యగారూ."

ఎడమ పక్క ఎన్నిసార్లు అంటించానో నాకే తెలియదు చెల్లెమ్మా, అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఎవరి ఎడమ?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. దాపట అంటే ఎడమే కదా అన్నాను.

"తోలేవాడి ఎడమండీ. ఎద్దుల ఎనకమాల నిలబడేవాడిది. ఎదురుగా నిలబడి చూస్తే అది మీకు కుడి అవుద్ది. ఎద్దులకు ఎదురు నిలబడి ఎవరు తోల్తారు?"

ఆవిడ ఎంగిలాకుల వాళ్ళకేదో చెప్పడానికి లేచి వెళ్ళింది. నేను అక్కడే కూర్చుని ఆ సెట్టుని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఆయన ఏనాడూ సెట్టుకి ముందు వైపు కూర్చోలేదు. తీగెలన్నీ వచ్చి చేరేది వెనక్కే కాబట్టి ఎప్పుడూ వెనకే. నేనూ పక్కనే చాప మీద ఉండేవాణ్ణి కాబట్టి ఆయన ఎడమే నా ఎడమ. ఒంటరిగా చేసినప్పుడే దాన్ని నా వైపుకి తిప్పుకున్నాను. ఆయన ముందు నుంచీ చెబుతున్నది కిటికీ వైపు బోర్డు గురించే. నాకు గుర్రుమని వినబడిన పక్కే. ఇద్దరం ఒకే బోర్డుని అనుకుంటూ ఇన్నాళ్ళూ మర్యాదలు చేసుకున్నాం. మర్యాద మండిపోను. చెప్పింది అక్షరాలా నిజమైన మనిషి, తన చెయ్యి పోయిందనుకుంటూ కల్లానికి నడిచి వెళ్ళారు. చావు వార్త విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, మొద్దుబారిపోయాను. అక్కడ, విస్తళ్ళు ఎత్తుతుంటే, అందరి మధ్యా వచ్చింది.

అయితే ఆయన చెప్పింది నిజమని ఇంకా రుజువు కాలేదు. ఇల్లు చేరేదాకా బస్సులో అదే భయం. ఒకవేళ ఆ పక్క కూడా అంటించాక మళ్ళీ టక్కుమంటే? అప్పుడు ఆయన ఓడిపోయినట్టే, ఇక సరిదిద్దుకోవడానికి మనిషి లేడు.

మర్నాడు పొద్దున సెట్టు వెనక వైపు నాకేసి తిప్పుకుని కూర్చున్నాను. ఆయన ఎడమ ఇప్పుడు నా ఎడమ అయింది. బోర్డు కింది వైపు కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ వెతికాను. వేడెక్కే ట్రాన్సిస్టర్ కాలు చుట్టూ, మెరిసే సోల్డరులో, వెంట్రుకంత సన్నగా నల్లటి గీత. గుండ్రంగా. పుల్లతో తడితే కాలు కదిలింది. ఆయన ఇంత దూరం నుంచి, చూడకుండా, ఫోన్లో అరిచి చెప్పిన చోటే. ఐరన్ ప్లగ్గులో పెట్టాను.

అంటించాను. మధ్యలో బల్బు పెట్టాను. భగ్గుమని, మసకబారింది. తర్వాత బల్బు తీసేసి, రెండు పెట్టెలూ వాటి చోట పెట్టి, రేడియో తగిలించాను. పాట పెట్టబుద్ధి కాలేదు. ఎవరో పెద్దాయన పత్తిలో పురుగు గురించి నెమ్మదిగా మాట్లాడుతున్నారు. మాటలు చెవికి ఎక్కడం లేదు, టక్కు కోసమే వింటున్నాను. అరగంట దాటింది. వెనక పలక మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. గంట దాటింది. సెట్టు పలుకుతూనే ఉంది. "మీరు చెప్పిందే బావగారూ" అని పైకే అన్నాను. ఇంకెవరికి చెప్పను?

ఇన్నాళ్ళూ దాని మీద వంగి చూడటమే తప్ప ఎదురుగా కుర్చీ వేసుకుని విన్నది తక్కువ. అప్పుడు కూర్చున్నాను. రెండు పక్కలూ సమానంగా పలికితే మాట ఏ పెట్టెలోంచీ రాదు. రెండింటికీ నడుమ, గోడ దగ్గర, ఖాళీగా ఉన్న చోటి నుంచి వస్తుంది. అచ్చం ఒక మనిషి అక్కడ నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. వంటింట్లోంచి మా ఆవిడ వస్తూ వస్తూ గుమ్మంలో ఆగిపోయింది. ఆ ఖాళీ చోటు వైపు చూసి, చేతిలో గ్లాసు పక్కన పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.